ఇంట్లో చాక్లెట్ డ్రిప్ కేక్: ఉక్కపోత ఊళ్ళలో చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మా వంటగది పడమటి గోడకు ఆనుకుని ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక ఆ గోడ మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టే ఉంటుంది. ఆ గదిలోనే కొన్నేళ్ళుగా పుట్టినరోజులకూ నూతన సంవత్సరానికీ కేకులు చేస్తున్నాను. నేర్చుకోవడానికి వచ్చేవారూ, చేయబోయి చెడగొట్టుకున్నవారూ నన్ను అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. డ్రిప్ కేకు కొలతలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి కానీ, వాటిలో ఎక్కువ భాగం చల్లని దేశాల వంటగదులను ఉద్దేశించి రాసినవి. వాటిని అక్షరం తప్పకుండా పాటించినా ఇక్కడ చాక్లెట్ కేకు అంచున నిలవకుండా పళ్ళెంలోకి జారిపోవడానికి కారణం మన వాతావరణమే. అందువల్ల కింది సమాధానాలలో వేడి గురించి, చల్లదనం గురించి పదేపదే చెప్పవలసి వచ్చింది.

డ్రిప్ కేకు అంటే సరిగ్గా ఏమిటి?

క్రీముతో నున్నగా పూత వేసిన కేకు పైఅంచు నుంచి పక్కలకు చాక్లెట్‌ను ధారలుగా జారనిచ్చి, అవి సగం దూరంలోనే గడ్డకట్టేలా చేస్తే దానిని డ్రిప్ కేకు అంటారు. ధారకు వాడే మిశ్రమం గనాష్, అంటే చాక్లెట్‌ను వేడి క్రీములో కరిగించి తయారు చేసే చిక్కని ద్రవం. ఆస్ట్రేలియాకు చెందిన కేథరిన్ సబాత్ కేకుల ఫోటోల ద్వారా ఈ తరహా అలంకరణకు గత దశాబ్దంలో బాగా ప్రచారం వచ్చింది. వెడల్పు తక్కువగా, ఎత్తు ఎక్కువగా ఉన్న కేకు మీదనే ధారలు అందంగా కనిపిస్తాయి. ఆరంగుళాల వెడల్పు, నాలుగున్నర నుంచి ఐదంగుళాల ఎత్తు నాకు నచ్చిన కొలత. ఎత్తు రెండంగుళాలే ఉన్న కేకు మీద ధార పోస్తే అది మొదలయ్యేలోపే అడుగుకు చేరుతుంది.

ఏ కాలంలో, ఏ వేళలో చేస్తే మంచిది?

మొదటిసారి చేసేవారు డిసెంబరు, జనవరి నెలలను ఎంచుకోవడం మేలు. క్రిస్మస్ నుంచి సంక్రాంతి వరకు మన జిల్లాలలో ఉదయం, రాత్రి వేళల్లో చలి ఉంటుంది కాబట్టి క్రీము నిలుస్తుంది, గనాష్ మాట వింటుంది. మార్చి నుంచి జూన్ వరకు వేడి, ఆ తరువాత వానలు, దసరా తరువాత వచ్చే సిరిమాను పండుగ నాటికి కూడా తగ్గని తేమ, ఇవన్నీ కేకుకు పరీక్షలే. అలాగని ఆ నెలల్లో పుట్టిన పిల్లలకు కేకు చేయకుండా ఉండలేము కదా! వేసవిలో నేను కేకును ముందురోజు రాత్రి కాల్చి పెట్టుకుని, మరునాడు తెల్లవారుజామున ఐదింటికి లేచి పొయ్యి వెలిగించక ముందే పూత, ధార పనులు ముగిస్తాను. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద ఉన్న గదిలో క్రీము పని పెట్టుకోకూడదు.

ఓవెన్ లేదు. కుక్కరులో చేయవచ్చా?

నిస్సందేహంగా చేయవచ్చు. నా మొదటి పది కేకులూ కుక్కరులో చేసినవే. అయితే నీళ్ళు లేకుండా వేడి చేయడం కుక్కరుకు మంచిది కాదు కాబట్టి, వంటకు వాడే కుక్కరును కాకుండా మూలన పడేసిన పాతదానిని గానీ, దళసరి సత్తు దాకను గానీ దీనికి కేటాయించుకోవాలి. అడుగున అంగుళం మందాన ఉప్పు పరిచి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, రబ్బరు, విజిల్ తీసేసిన మూత పెట్టి, మధ్యస్థమైన మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. ఆ తరువాత పిండి పోసిన గిన్నెను స్టాండు మీద ఉంచి, మంట బాగా తగ్గించి, 40 నుంచి 50 నిమిషాలు ఉడకనివ్వాలి. మొదటి 30 నిమిషాలలో మూత తీస్తే పొంగిన కేకు నడుమ కుంగిపోతుంది. 35 నిమిషాల తరువాత సన్నని పుల్ల గుచ్చి చూస్తే, దానికి తడి పిండి అంటకూడదు.

ఓవెన్ ఉన్నవారు 10 నిమిషాలు ముందుగా వేడి చేసి, 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర 28 నుంచి 35 నిమిషాలు కాల్చుకోవచ్చు. సాయంత్రాలు వోల్టేజీ తగ్గే వీధులలో సమయం ఇంకాస్త పడుతుంది కాబట్టి గడియారాన్ని కాక పుల్లను నమ్మండి.

కేకు కొలతలు చెప్పగలరా?

ఆరంగుళాల గిన్నెలు రెండింటికి సరిపోయే కొలత ఇది. మైదా 150 గ్రాములు, కోకో పొడి 40 గ్రాములు, పొడి చేసిన పంచదార 180 గ్రాములు, బేకింగ్ పౌడరు ఒక చెంచా, వంటసోడా అర చెంచా, ఉప్పు పావు చెంచా, గుడ్లు రెండు, వాసన లేని నూనె 80 మిల్లీలీటర్లు, పులుపెక్కని పెరుగు 100 గ్రాములు, వేడి కాఫీ డికాక్షన్ 100 మిల్లీలీటర్లు. చెంచా అంటే ఇక్కడ ఐదు మిల్లీలీటర్ల కొలత చెంచా అని అర్థం. ఒక్కో ఇంటి చెంచా ఒక్కో పరిమాణంలో ఉంటుంది కాబట్టి అందాజుగా వేసే సోడా వల్లనే ఎన్నో కేకులు చేదెక్కుతాయి.

కోకో పొడిని ముందుగా వేడి డికాక్షన్‌లో ఉండలు లేకుండా కలిపి పక్కన పెట్టుకుంటే దాని రుచి, రంగు రెండూ ముదురుతాయి. కాఫీ వేసినందుకు కేకుకు కాఫీ రుచి రాదు, చాక్లెట్ రుచే పెరుగుతుంది. ఎస్.కోట (శృంగవరపుకోట) దారిలో కొండెక్కితే వచ్చే అరకు లోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది, కాబట్టి డికాక్షన్ కోసం మనం దూరం వెతుక్కోనవసరం లేదు. గుడ్లను, పంచదారను తెల్లగా నురగ వచ్చేవరకు గిలక్కొట్టి, నూనె, పెరుగు, చల్లారిన కోకో మిశ్రమం వరుసగా కలిపి, చివరగా జల్లించిన పొడి పదార్థాలను వేసి, పిండి కనిపించకుండా పోగానే కలపడం ఆపేయాలి. ఇంకా కలుపుతూ ఉంటే కేకు సాగుతుంది. మిశ్రమం దోసె పిండికన్నా కొంచెం చిక్కగా, గరిటె ఎత్తితే తెగకుండా జారేలా ఉండాలి.

కార్తీక మాసంలో గుడ్డు ముట్టము. ఏమి మార్చాలి?

గుడ్లు మానేసి పెరుగును 200 గ్రాములకు పెంచండి, పంచదార 150 గ్రాములకు, డికాక్షన్ 70 మిల్లీలీటర్లకు తగ్గించండి. సోడాను పెరుగులో కలిపి ఐదు నిమిషాలు పొంగనిచ్చి, వెంటనే మిగతావి కలిపి గిన్నెను పొయ్యి మీదకు చేర్చాలి. ఆ పొంగు అణగిపోయాక కాల్చిన కేకు ఇటుకలా వస్తుంది. గుడ్డు లేని కేకు మెత్తగా, కాస్త పెళుసుగా ఉంటుంది కాబట్టి ఎత్తుగా పేర్చేటప్పుడు నాలుగు పొరలకు బదులు మూడు పొరలతో సరిపెట్టుకోవడం మంచిది.

కోకో పొడికి బదులు డ్రింకింగ్ చాక్లెట్ పొడి వేయవచ్చా?

వేయకూడదు. పాలలో కలుపుకునే ఆ పొడిలో అధిక భాగం పంచదారే.

పైపూతకు వెన్నతో చేసే క్రీము మంచిదా, విప్పింగ్ క్రీము మంచిదా?

రుచిలో వెన్న క్రీముదే పైచేయి అని నేను ఒప్పుకుంటాను. కానీ వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మన ఊళ్ళలో వేసవి మధ్యాహ్నం గది వేడి కూడా దాదాపు అంతే. ఏసీ గది లేని ఇంట్లో మే నెలలో వెన్న క్రీము పూసి దాని మీద ధార పోయాలనుకోవడం అత్యాశ. బేకరీ సామాను అమ్మే దుకాణాలలో డబ్బాలలో దొరికే, వృక్ష సంబంధమైన కొవ్వుతో తయారైన విప్పింగ్ క్రీము మన వాతావరణంలో మెరుగ్గా నిలుస్తుంది. కేకు మొత్తానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల క్రీము చాలు, ఎందుకంటే గిలక్కొట్టాక అది మూడింతలకు మించి పొంగుతుంది. ఇది ముందే తియ్యగా ఉంటుంది కనుక పంచదార కలపనవసరం లేదు.

మూడో దారి కూడా ఉంది. చిక్కని గనాష్‌నే పైపూతగా వాడి, దాని మీద తెల్లని ధార పోయడం. వేసవిలో నాకు ఇదే ఇష్టం. అయితే పిల్లలకు తెల్లని క్రీము మీద నల్లని ధార కనిపిస్తే తప్ప పుట్టినరోజు అనిపించదు.

అరగంట గిలక్కొట్టినా క్రీము గట్టిపడలేదు. తప్పు ఎక్కడ జరిగింది?

దాదాపు ప్రతిసారీ క్రీము తగినంత చల్లగా లేకపోవడమే కారణం. ఫ్రీజరులో ఉన్న డబ్బాను ముందురోజే కింది అరలోకి మార్చి కరగనివ్వాలి, బల్ల మీద పెట్టి కరిగించకూడదు. నడుమ ఇంకా సన్నని మంచు పలుకులు తేలుతూ ఉండగానే గిలక్కొట్టడం మొదలుపెట్టాలి. స్టీలు గిన్నెను, బీటరు పుల్లలను కూడా అరగంట ఫ్రీజరులో ఉంచి, గిన్నె అడుగున మంచు ముక్కలున్న మరో పళ్ళెం పెట్టుకుంటే ఎండాకాలంలోనూ ఐదారు నిమిషాలలో పని అయిపోతుంది. బీటరు ఎత్తితే క్రీము కొమ్ము వంగకుండా నిలబడితే చాలు. అంతకు మించి తిప్పితే రవ్వలా, గాలి బుడగలతో తయారవుతుంది, అప్పుడు రెండు మూడు చెంచాల గిలక్కొట్టని క్రీము వేసి గరిటెతో నెమ్మదిగా కలిపితే మళ్ళీ నునుపు వస్తుంది.

పొరలు పేర్చడంలో, పూత వేయడంలో పాటించవలసినవి ఏమిటి?

కేకు పూర్తిగా చల్లారాక, వీలైతే ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాక, పళ్ళున్న పొడవాటి కత్తితో పైనున్న గుబ్బను కోసి చదును చేసి, ఒక్కో కేకును అడ్డంగా రెండుగా కోయాలి. ఆ గుబ్బ ముక్కలను ఏమి చేయాలని ఎవరూ నన్ను అడగలేదు, పిల్లలున్న ఇళ్ళలో ఆ సందేహం రాదు. ప్రతి పొర మీదా పంచదార నీళ్ళు తడి తెలిసేంత మేరకే చల్లండి. నీళ్ళు ఎక్కువైన కేకు ఎత్తుగా నిలబడక పక్కకు ఉబ్బి, దాని మీది ధారను కూడా వంకర చేస్తుంది.

ముందుగా పలచని తొలి పూత వేసి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే రాలే పొట్టంతా అందులో అతుక్కుపోతుంది. రెండో పూతను మందంగా వేసి, టర్న్‌టేబుల్‌ను (కేకు పెట్టి తిప్పే పీటను) తిప్పుతూ స్క్రేపరును (క్రీమును నునుపు చేసే పలకను) కదలకుండా నిలువుగా పట్టుకోవాలి. తిరగవలసింది కేకే. టర్న్‌టేబుల్ లేనివారు బోర్లించిన గిన్నె మీద పళ్ళెం పెట్టి తిప్పుకోవచ్చు. పైఅంచు చక్కగా, పదునుగా ఉండాలి. అంచు బయటికి వాలి ఉంటే చాక్లెట్ అక్కడి నుంచి పక్కలను తాకకుండా నేరుగా కిందికి చుక్కలుగా పడుతుంది. పూత పూర్తయిన కేకును కనీసం అరగంట, వేసవిలో గంట సేపు ఫ్రిజ్‌లో ఉంచాకే ధార గురించి ఆలోచించాలి.

ధారకు కాంపౌండ్ వాడాలా, అసలు చాక్లెట్ వాడాలా?

అసలు చాక్లెట్‌లో కోకో వెన్న ఉంటుంది. అది సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టే నాలుక మీద పెట్టగానే హాయిగా కరిగిపోతుంది, అదే కారణంగా మే నెలలో కేకు మీద కూడా కరిగిపోతుంది. కాంపౌండ్‌లో కోకో వెన్నకు బదులు ఇతర వృక్ష సంబంధమైన కొవ్వు ఉంటుంది. ధర తక్కువ, త్వరగా గట్టిపడుతుంది, కానీ తిన్న తరువాత అంగిట్లో సన్నని జిడ్డు పొర మిగులుతుంది. పొట్లం వెనక పదార్థాల జాబితాలో కోకో వెన్న ఉందో, హైడ్రోజనేటెడ్ కొవ్వు ఉందో చూస్తే రెండింటికీ తేడా తెలిసిపోతుంది.

చలికాలంలో అసలు డార్క్ చాక్లెట్, ఎండాకాలంలో డార్క్ కాంపౌండ్ అన్నది నేను పెట్టుకున్న నియమం. కోకో దేశంలో అత్యధికంగా పండేది మన రాష్ట్రంలోనే, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడన. అయినా మంచి చాక్లెట్ ఇంకా ఖరీదైన వస్తువుగానే ఉండటం నాకు కొంత కష్టంగానే ఉంటుంది.

గనాష్‌కు చాక్లెట్, క్రీము ఏ పాళ్ళలో కలపాలి?

చాలాచోట్ల సమానంగా కలపమని చెబుతారు. ఆ లెక్క 35 శాతం కొవ్వున్న చిక్కని క్రీముకు, చల్లని గదికి సరిపోతుంది. మనకు కిరాణా దుకాణంలో దొరికే అమూల్ ఫ్రెష్ క్రీములో కొవ్వు 25 శాతమే, మిగిలినదానిలో నీళ్ళ భాగం ఎక్కువ కాబట్టి సమానంగా కలిపితే ధార పలచబడి పరుగెత్తుతుంది. నేను 100 గ్రాముల డార్క్ చాక్లెట్‌కు చలికాలంలో 80 గ్రాములు, ఎండాకాలంలో 65 గ్రాముల క్రీము వాడతాను. మిల్క్ చాక్లెట్ అయితే 50 గ్రాములు, వైట్ చాక్లెట్ అయితే 35 గ్రాములు. వీటిలో కోకో భాగం తగ్గేకొద్దీ గట్టిపడే గుణం తగ్గుతుంది కనుక క్రీమును కూడా తగ్గించాలి. ఆరంగుళాల కేకుకు 100 గ్రాముల చాక్లెట్‌తో చేసినది సరిపోయి, ఇంకా రెండు మూడు చెంచాలు మిగులుతుంది.

చాక్లెట్‌ను గోరంత ముక్కలుగా తరిగి, గిన్నె అంచున బుడగలు మొదలైన క్రీమును దాని మీద పోసి, మూతపెట్టి మూడు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తరువాత నడిమి నుంచి మొదలుపెట్టి చిన్న చిన్న సుళ్ళుగా తిప్పుతూ అంచులకు వెళ్ళాలి. వేగంగా గిలక్కొడితే గాలి చేరి ధార మీద బుడగలు కనిపిస్తాయి. మెరుపు కావాలంటే వేడిగా ఉండగానే అర చెంచా వెన్న కలపండి.

గనాష్ విరిగి నూనె తేలింది, లేదా చాక్లెట్ ముద్దగా గడ్డకట్టింది. పారేయవలసిందేనా?

అక్కర్లేదు. నూనె తేలితే క్రీము మరీ వేడిగా ఉందని అర్థం. కాస్త చల్లారాక గోరువెచ్చని పాలు ఒక్కో చెంచా చొప్పున పోస్తూ నెమ్మదిగా తిప్పితే మళ్ళీ కలుస్తుంది. చాక్లెట్‌ను విడిగా కరిగించేటప్పుడు ఒక్క నీటి చుక్క పడితే అందులోని పంచదార, కోకో పొడి ఆ తడికి అతుక్కుని బంకమట్టిలా ముద్ద కడతాయి. చుక్క నీటికి చెడినది మరికొంత వేడి క్రీము పోస్తే బాగుపడుతుంది, ఎందుకంటే అప్పుడు ఆ పలుకులన్నీ విడిపోయేంత తడి దొరుకుతుంది. వింతగా అనిపించినా ఇది నిజం. ఆవిరి మీద కరిగించేవారు గిన్నె అడుగును తుడిచాకే వంచాలి.

ధార పోయడానికి సరైన సమయం ఎలా తెలుస్తుంది?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ ఓపిక కావలసిన చోటు కూడా ఇదే. థర్మామీటరు ఉంటే గనాష్ 30 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండాలి. లేకపోతే ఒక చుక్కను మణికట్టు లోపలి వైపు పెట్టుకుని చూడండి, వెచ్చగా అనిపించకూడదు, మరీ చల్లగానూ ఉండకూడదు. చెంచాతో ఎత్తి పోసినప్పుడు పడిన చార మూడు నాలుగు లెక్కపెట్టేంత సేపు పైన నిలిచి, ఆ తరువాత కలిసిపోవాలి.

ఇక్కడే మన ఊళ్ళకు ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. గనాష్‌ను గది ఉష్ణోగ్రతకు చల్లారనివ్వమని అందరూ రాస్తారు. మే నెలలో మా వంటగదే 34 డిగ్రీలుంటే గంట సేపు ఎదురుచూసినా అది 32కు ఎలా దిగుతుంది? కాబట్టి గిన్నెను చల్లని నీళ్ళున్న పళ్ళెంలో పెట్టి, ఆపకుండా తిప్పుతూ, ప్రతి అర నిమిషానికీ చూసుకోవాలి. తిప్పడం ఆపితే అంచున గట్టిపడి నడుమ పలచగా ఉండిపోతుంది.

కేకు మీద పోసే ముందు నేను ఒక స్టీలు గ్లాసును కేకుతో పాటే ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక బోర్లించి, దాని అంచున అర చెంచా గనాష్ వదులుతాను. చుక్క మొదట గబగబా రెండు వేళ్ళంత దిగుతుంది, ఆ పైన తడబడుతున్నట్టు నెమ్మదిస్తుంది, చివరన ముత్యంలా గుండ్రంగా ఉబ్బి ఆగిపోతుంది. గ్లాసు సగం దాటకుండా ఆ ముత్యం ఏర్పడితే గనాష్ సిద్ధమైనట్టే. గ్లాసు అడుగు వరకు పరుగెత్తితే ఇంకా చల్లబరచాలి. అంచునే ముద్దగా నిలిచిపోతే వేడి నీళ్ళ మీద పది క్షణాలు పెట్టి తిప్పాలి.

తరువాత కేకు వెనక వైపు ఒక్క ధార పోసి ఒక నిమిషం ఆగండి. అది నచ్చితే చెంచా కొసతో అంచు వెంబడి కొంచెం కొంచెంగా నెట్టుతూ చుట్టూ పూర్తి చేయాలి. ఎక్కువ నెడితే పొడుగు ధార, తక్కువ నెడితే పొట్టి ధార వస్తుంది. అన్నీ ఒకే పొడుగున, ఒకే దూరంలో ఉంటే దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి, నాకు అది నచ్చదు. అంచు పూర్తయ్యాకే నడుమ పోసి పాలెట్ నైఫ్‌తో, అంటే పదును లేని పలచని కత్తితో పరచాలి. ముందే నడుమ పోసినవారికి ధారల మీద అదుపు ఉండదు. సాసు సీసా, పైపింగ్ బ్యాగు కూడా వాడవచ్చు గానీ, బ్యాగును పట్టుకున్న అరచేతి వేడికే గనాష్ పలచబడటం గమనించాక నేను చెంచాకే తిరిగి వచ్చాను.

ధారలు అడుగు వరకు జారి మడుగు కట్టాయి. సరిచేయగలమా?

ముట్టుకోకుండా కేకును వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. చాక్లెట్ గట్టిపడ్డాక పదునైన కత్తి కొసతో మడుగును పెకలించి, అడుగు చుట్టూ క్రీము పూసలు గానీ చాక్లెట్ తురుము గానీ అద్దితే ఎవరికీ తెలియదు. తడిగా ఉండగానే తుడవబోయినవారు తెల్లని క్రీమును మొత్తం మట్టి రంగుకు మార్చుకుంటారు.

ఫ్రిజ్ నుంచి తీయగానే కేకు చెమర్చుతోంది ఎందుకు?

మా అన్నయ్య కూతురి పుట్టినరోజుకు జూలైలో కేకు చేసి గర్వంగా బల్ల మీద పెట్టాను. పావుగంటకు మెరిసే ధారల మీద నీటి చుక్కలు మొలిచి, ఒకదానితో ఒకటి కలిసి కిందికి జారడం మొదలయ్యాయి. పక్కింటి పిన్నిగారు దగ్గరికి వచ్చి చూసి, "ఇదేటమ్మా, నీ కేకు ఏడుస్తందేటి?" అన్నారు. గదిలోని తేమ గాలి చల్లని కేకును తాకగానే నీరుగా మారడమే ఇందుకు కారణం, మంచినీళ్ళ సీసాకు పట్టే చెమట లాంటిదే ఇదీ. సముద్రం దగ్గరలో ఉండే శ్రీకాకుళం వైపు ఊళ్ళలో ఇది ఇంకా ఎక్కువ.

దీనిని పూర్తిగా ఆపలేము కానీ తగ్గించవచ్చు. కేకును మూతపెట్టిన అట్టపెట్టెలోనే ఫ్రిజ్‌లో ఉంచి, బయటికి తీశాక కూడా పెట్టె తెరవకుండా 15 నిమిషాలు వదిలేస్తే తేమ పెట్టె మీద పడుతుంది. చుక్కలు వచ్చినా వేలితో గానీ గుడ్డతో గానీ తుడవకండి, ఫ్యాను గాలికి కొంత సేపటికి ఆరిపోతాయి. తుడిచిన చోట మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది.

రంగు ధారలు ఎలా చేయాలి?

వైట్ చాక్లెట్ గనాష్‌లో రంగు కలపాలి. క్రీము కలిసిన గనాష్‌లో మామూలు జెల్ రంగు ఫరవాలేదు, క్రీము లేకుండా చాక్లెట్ మాత్రమే కరిగించేవారికి నూనెలో కలిసే రంగే కావాలి, లేకపోతే గడ్డకడుతుంది. కొద్దిగా తక్కువ అనిపించినప్పుడే ఆపండి, నిలిచేకొద్దీ రంగు ముదురుతుంది.

పైన ఏమి పెట్టి అలంకరించాలి?

ధార గట్టిపడటానికి 15 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచాకే ఏదైనా పెట్టాలి. నక్షత్రపు నాజిల్‌తో ఏడెనిమిది క్రీము పూలు వేసి, వాటి మధ్య బిస్కెట్లు, చాక్లెట్ ముక్కలు గుచ్చడం సాధారణ పద్ధతి. దుకాణంలో దొరికిన ప్రతి చాక్లెట్ బిళ్ళనూ కేకు నెత్తిన ఎక్కిస్తే ధారలు కనిపించవు, పైగా బరువుకు పైపొర కుంగుతుంది. ఒక పక్కగా నెలవంక ఆకారంలో పేర్చి, మిగతా భాగాన్ని నల్లగా, నున్నగా వదిలేయమని నా సలహా.

మన దగ్గర దొరికేవాటితో చేసే అలంకరణ నాకు మరింత ఇష్టం. పలాస జీడిపప్పును దోరగా వేయించి, 100 గ్రాముల పంచదారను నీళ్ళు లేకుండా తేనె రంగు వచ్చేవరకు కరిగించి అందులో ఆ పప్పు 75 గ్రాములు కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పలచగా పరిస్తే గాజులాంటి పలక వస్తుంది. దానిని ముక్కలుగా విరిచి నిలువుగా గుచ్చితే డ్రిప్ కేకుకు కిరీటం పెట్టినట్టుంటుంది. బద్ద పప్పు సరిపోతుంది, ఖరీదైన గుండు పప్పు అవసరం లేదు. అయితే తేమకు ఈ పలక గంటలోపే జిగురు దేరుతుంది కాబట్టి బిగుతైన డబ్బాలో దాచి, కొవ్వొత్తి వెలిగించే ముందు మాత్రమే పెట్టాలి.

భీమాలి మామిడి తాండ్ర మరో మంచి వస్తువు. నూనె రాసిన కత్తెరతో వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ఒక కొస నుంచి వదులుగా చుట్టి, పైఅంచును కొద్దిగా బయటికి వంచితే బంగారు రంగు గులాబీ తయారవుతుంది. డార్క్ చాక్లెట్ చేదుకు తాండ్ర పులుపు చక్కగా జోడీ కుదురుతుంది. వేసవిలో సువర్ణరేఖ మామిడి ముక్కలు పెట్టాలనుకునేవారు వాటిని కేకు పైన కాక పొరల మధ్య పెట్టడం మంచిది, పైన పెడితే రసం ధారల మీదికి కారుతుంది. సీతంపేట వైపు నుంచి వచ్చే అనాసను మాత్రం పంచదారతో ఏడెనిమిది నిమిషాలు ఉడికించి చల్లార్చాకే వాడాలి. పచ్చి అనాసలోని ఎంజైము పాల క్రీమును చేదెక్కిస్తుంది.

పూల విషయంలో ఒక గట్టి హెచ్చరిక చేయాలి. పెరట్లో పూసింది కదా అని గన్నేరు పూలను కేకు మీద పెట్టిన ఫోటో ఒకరు నాకు చూపించారు. గన్నేరు విషం, దాని కాడ క్రీములో గుచ్చినా ప్రమాదమే. మార్కెట్టు పూల మీద పురుగుమందులు ఉంటాయి. మందు కొట్టని పెరటి నాటు గులాబీ రేకులు తప్ప వేరే పూలను నేను కేకుకు తాకనివ్వను.

ఫ్రిజ్‌లో పెట్టిన కేకుకు వాసన పట్టింది. కారణం?

క్రీములోని కొవ్వు చుట్టుపక్కల వాసనలన్నీ పీల్చుకుంటుంది. నిన్నటి చేపల పులుసు, తరిగిన ఉల్లిపాయలు, మూత సరిగా లేని ఇంగువ డబ్బా ఉన్న ఫ్రిజ్‌లో కేకును తెరిచి పెట్టకూడదు.

విజయనగరం నుంచి శ్రీకాకుళం దాకా కేకు తీసుకువెళ్ళాలి. ఎలా?

గంటకు పైగా పట్టే ప్రయాణం కాబట్టి స్కూటరు ఆలోచన మానుకోండి. పొరలు పక్కకు జారకుండా కేకు నడుమ అడుగు వరకు వెదురు పుల్ల గానీ లావు స్ట్రా గానీ గుచ్చి, పెట్టెలో పెట్టడానికి ముందు రాత్రంతా చల్లబరచాలి. కేకు అట్టను పెట్టె అడుగుకు రెండువైపులా అంటించే టేపుతో అతికించండి. కారులో ఒడిలో పెట్టుకుంటే ఒంటి వేడి తగులుతుంది, సీటు మీద పెడితే వాలుతుంది, సీటు ముందు కాళ్ళ దగ్గర చదునైన చోటే అన్నిటికన్నా క్షేమం. పెట్టె చుట్టూ గుడ్డలో చుట్టిన మంచు సంచులు ఉంచవచ్చు. జీడిపప్పు పలకలు, తాండ్ర పూలు విడిగా తీసుకువెళ్ళి అక్కడే అలంకరించండి.

కేకు ఎంతసేపు బయట ఉండవచ్చు? ఎన్ని రోజులు నిలుస్తుంది?

పాలు, క్రీము ఉన్న పదార్థాలను రెండు గంటలకు మించి, గది 32 డిగ్రీలు దాటితే గంటకు మించి బయట ఉంచకూడదు. అతిథుల కోసం ఎదురుచూస్తూ కేకును హాలులో ప్రదర్శనకు పెట్టే అలవాటు మనకు ఉంది, ఆ ముచ్చటను ఫోటోతో తీర్చుకుని కేకును లోపల పెట్టేయండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటుంది, తాజా పండ్లు పెట్టినది రెండు రోజులే. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే కొన్ని గంటల పాటు చల్లదనం నిలుస్తుంది. పూత వేయని కేకును మాత్రం గట్టిగా చుట్టి ఫ్రీజరులో నెల రోజులు దాచుకోవచ్చు.

కోసేటప్పుడు ధారలు పగిలి క్రీములో చాక్లెట్ పూసుకుపోతోంది. ఏమి చేయాలి?

పొడవాటి కత్తిని వేడి నీళ్ళలో ముంచి, పొడి గుడ్డతో తుడిచి, ముందుగా పైనున్న చాక్లెట్ పొర తెగేవరకు బరువు పెట్టకుండా ఆనించి, తరువాత ఒకేసారి కిందికి దించాలి. రంపంలా ముందుకూ వెనక్కూ ఆడించకూడదు. ఒక్కో ముక్కకూ కత్తిని మళ్ళీ ముంచి తుడవాలి, అందుకని కోసేవారి పక్కన ఒక చెంబుడు వేడి నీళ్ళూ, పాత తువ్వాలూ పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం మావారిది.